ఇంజనునకు విషమజ్వరము

సికింద్రాబాదు చలిని చూచి హిమాలయప్రాంతమువారు నవ్వుకొందురు. మార్గశిర పుష్యమాసములలో ఇచటి తెల్లవారుజామున ఉష్ణమాపకము సాధారణముగా 14, 15 డిగ్రీల సెంటీగ్రేడు చూపును. ఎన్నడైన ఒక రాత్రి పది డిగ్రీలకు దిగినచో మరునాడు పత్రికలలో అది వార్త యగును. జంటనగరములలో నమోదైన అత్యల్ప ఉష్ణోగ్రత 1946 జనవరి 8వ తేదీనాటి 6.1 డిగ్రీలు. నీరు గడ్డకట్టుటకు అప్పటికిని ఆరు డిగ్రీల దూరమున్నది. అయినను ఇంతపాటి చలికే మారేడుపల్లి వీథులలో, బోయినపల్లి సందులలో పాతకార్లు ఉదయమున దగ్గుట, తుమ్ముట, నడుచుచు నడుచుచు ఒక్క క్షణము ఊపిరి బిగబట్టుట వినబడుచుండును. ముసురు పట్టిన దినములలో ఇది మరింత హెచ్చు. బంగాళాఖాతమున వాయుగుండ మేర్పడి, రెండు మూడు దినములు సూర్యుని మొగము కనబడక, సన్నని తుంపర ఎడతెగక పడుచున్నప్పుడు ఈ దగ్గు ఊరంతయు అంటుజాడ్యమువలె వ్యాపించును.

ఈ జబ్బునకు ఒక విచిత్రలక్షణ మున్నది. ఇంజను మొరాయింపదు, తాళము త్రిప్పగనే మేల్కొనును. నిలిచియున్నంతసేపు సాధువువలె మెల్లగా గురక పెట్టుచుండును. వేగము కావలెనని ఎక్సిలరేటరును కాలితో నొక్కినప్పుడే తడబాటు. నొక్కిన తరువాత ఒక క్షణము ఏమియు జరుగదు. పిమ్మట రెండు కుదుపులు. ఆపైన ఏదో జ్ఞాపకము వచ్చినట్లు బండి ఒక్కసారిగా ముందునకు ఉరుకును. మేస్త్రీలు దీనినే 'మిస్ కొట్టుట' యందురు. పది పదునైదు నిమిషములలో అంతయు సర్దుకొనును. ఎండ వచ్చిన పిమ్మట బండిని వర్కుషాపునకు తీసికొనిపోయినచో, మేస్త్రీ నాలుగుసార్లు ఇంజనును గర్జింపజేసి, చేతులు గుడ్డతో తుడుచుకొనుచు, "బండి మంచిగనే ఉన్నది గద సార్!" అనును. అతడు చెప్పినది అబద్ధము కాదు. ఆ సమయమున బండి మంచిగనే యున్నది.

వినుటకిది హాస్యముగా నుండవచ్చును. కాని ఎదుటనుండి సిటీబస్సు వచ్చుచుండగా, 'ఇంతలో దాటిపోవచ్చును' అని లెక్కవేసికొని రోడ్డునకు అడ్డముగా బండిని పోనిచ్చిన మనుష్యునకు ఆ ఒక్క క్షణపు తడబాటు ప్రాణముమీదికి వచ్చును. పూర్తిగా ఆగిపోయిన కారు ఇంటివద్దనే యుండును. ఆగునో పోవునో తెలియని కారు రోడ్డుమీదికి వచ్చును. భయపడవలసినది రెండవదానికి.

మన ఆయుర్వేదమున ఇట్టి పోకడకు పేరున్నది. విడిచి విడిచి వచ్చు జ్వరమును విషమజ్వరమనిరి. మూడవనాడు వచ్చునది తృతీయకము, నాలుగవనాడు వచ్చునది చతుర్థకము. రోగి వణకుచున్నప్పుడు వైద్యుడుండడు. వైద్యుడు వచ్చి నాడి పట్టునప్పటికి జ్వరముండదు. చిత్తడినేలలనుండి లేచు చెడుగాలియే ఈ జ్వరమునకు మూలమని ఐరోపావారు శతాబ్దములు నమ్మిరి. మలేరియా యను ఇటలీ మాటకు అర్థమే చెడుగాలి. ఆ నమ్మకమును కూలద్రోసిన పరిశోధన జరిగినది మన సికింద్రాబాదులోనే. బేగంపేటలో, పాత విమానాశ్రయమునకు చేరువనున్న ఒక భవనమున, సైనికవైద్యుడు రోనాల్డు రాస్ 1897 ఆగస్టు 20వ తేదీన ఒక దోమ పొట్టను చీల్చి, దాని జీర్ణకోశపు గోడపై మలేరియా క్రిమి పెరుగుచుండుటను సూక్ష్మదర్శినిలో చూచెను. ఆ దినముల ఉక్కకు కారిన చెమటచేత ఆయన సూక్ష్మదర్శిని మరలకు త్రుప్పు పట్టెను. పంకా వేయించుకొన్నచో ముందున్న దోమలు ఎగిరిపోవునని ఆ సుఖమును కూడ ఆయన మానుకొనెను. 1902లో ఆయనకు నోబెలు బహుమానము లభించినది.

తడిగాలిని నిందించినవారు పూర్తిగా పొరబడలేదు. తడి యున్నచోట జ్వరముండుట నిజమే. కాని తడికిని జ్వరమునకును నడుమ ఒక దోమ యున్నది. కారు విషయమునను అంతే. "ముసురు పట్టినది, అందుచేత ఇంజను తడబడుచున్నది" అనుట సగము మాట. ముసురునకును ఇంజనునకును నడుమనున్న దోమ ఏది? దానిని పట్టుకొనుటయే రోగనిర్ణయము.

పాఠశాలలో భౌతికశాస్త్రము చెప్పు ఒక మాస్టారికి పాత ప్రీమియర్ పద్మిని కారొకటి యున్నదనుకొందము. జనులు దానిని ఫియట్ అనియే పిలుతురు. నాలుగు సిలిండర్లు, 1089 ఘనసెంటీమీటర్ల ఇంజను, కార్బ్యురేటరు, డిస్ట్రిబ్యూటరు. కంప్యూటరు వాసన తగులని యంత్రము గనుక విద్యార్థులకు బోధించుటకు ఇంతకంటె మంచి బొమ్మ దొరకదు. ఈ యంత్రమునకు కావలసినవి మూడు: తగినంత గాలి, అందులో తగినంత పెట్రోలు ఆవిరి, సరియైన క్షణమున ఒక నిప్పురవ్వ. ముసురుచలి ఈ మూడింటిలో ఏదో ఒకదానిని పట్టుకొన్నది.

నిప్పురవ్వతో మొదలుపెట్టుదము, ఎక్కువ పర్యాయములు నేరస్థుడు అచటనే దొరకును. బ్యాటరీ ఇచ్చునది 12 వోల్టులు. దానిని కాయిల్ వేలకొలది వోల్టులకు పెంచును. డిస్ట్రిబ్యూటరు ఆ కరెంటును వంతులవారీగా నాలుగు ప్లగ్గులకు పంచిపెట్టును. పెద్దమేస్త్రీలు డిస్ట్రిబ్యూటరును 'డెల్కో' అనుట కలదు. అమెరికాలోని డేటన్ నగరమున చార్లెస్ కెటరింగు నెలకొల్పిన సంస్థ పేరులోని తొలి అక్షరములు కూర్చిన మాట అది. బ్యాటరీతో, కాయిల్‌తో నిప్పు పుట్టించు ఏర్పాటును ఆ సంస్థ 1910 ప్రాంతమున క్యాడిలాక్ కార్లకు అందజేసెను. ఆ కంపెనీ సామాను చూచియే యెరుగని బండ్లకు సైతము ఆ పేరు అంటుకొన్నది. వనస్పతి యంతయు డాల్డా యైనట్లు!

ఇప్పుడు నల్లబల్లమీద వేయదగిన చిన్నలెక్క. మామూలు గాలిలో ఒక మిల్లీమీటరు ఖాళీని మెరుపు దాటవలెనన్న సుమారు 3,000 వోల్టులు కావలెను. ప్లగ్గు కొనలమధ్య ఖాళీ 0.6 మిల్లీమీటరు. అనగా బయట బల్లమీద పెట్టి పరీక్షించినచో 1,800 వోల్టులు చాలును. కాని సిలిండరులో గాలి ఏడెనిమిది వంతులు కుదించుకొనిపోయి, దట్టమై యుండును. దట్టమైన గాలిని చీల్చుట కష్టము. ఎనిమిది వంతులని వేసికొన్నచో 14,400 వోల్టులు కావలసివచ్చును. ఇంజను ఊరక తిరుగుచున్నప్పుడు గాలిద్వారము దాదాపుగా మూసియుండును; సిలిండరులోనికి వచ్చు గాలి మూడవవంతు మాత్రమే. అప్పటికి అయిదువేల వోల్టులు సరిపోవును. ఎక్సిలరేటరును నొక్కిన మరుక్షణమున ద్వారము తెరచుకొని సిలిండరు నిండును. అయిదువేలతో జరుగుచున్న పనికి ఒక్కసారిగా పదునాలుగువేలు కావలెను. నిలిచియున్నప్పుడు సాధువువలెనున్న ఇంజను నొక్కినప్పుడే తడబడుటకు కారణ మిదియే. ప్లగ్గు అరగి ఖాళీ 0.9 మిల్లీమీటరునకు పెరిగినచో 21,600 వోల్టులు కావలెను. ఈ లెక్క స్థూలము. నిజమైన సిలిండరులో వేడిమి మొదలైనవి కలసి అంకెలను మార్చును. పోకడ మాత్ర మిదియే.

అన్ని వోల్టులు కావలసి వచ్చినప్పుడు కరెంటు సులభమైన దారి మరియొకటి దొరకునా యని వెదకును. ముసురు ఆ దారిని చూపును. ఘనమీటరు గాలి 25 డిగ్రీలవద్ద 23 గ్రాముల నీటియావిరిని మోయగలదు. 15 డిగ్రీలవద్ద 13 గ్రాములకు మించి మోయలేదు. రాత్రి చల్లబడిన ఇనుముమీద, బేకలైటుమీద, మిగిలినది మంచుబిందువులై కూర్చుండును. శుద్ధమైన నీరు కరెంటునకు మంచి వాహకము కాదు. అయితే డిస్ట్రిబ్యూటరు మూతమీద నెలలతరబడి పేరుకొన్న రోడ్డుదుమ్ము, నూనెజిడ్డు ఉన్నవి. ఆ దుమ్ములోని లవణములు తడిలో కరగగనే మూతమీద పలుచని విద్యున్మార్గ మేర్పడును. ప్లగ్గునకు పోవలసిన మెరుపు మూతమీద ప్రాకి ఇంజను ఇనుములో కలిసిపోవును. ఆ సిలిండరు పెట్రోలు త్రాగియు పనిచేయదు. ఇంజను కొంత వేడెక్కినపిమ్మట తడి ఆరును, జ్వరము విడుచును.

ఇంతటితో పోయినచో బాగుండెడిది. ఒకసారి మెరుపు ఆ దారిని పోయినప్పుడు వెండ్రుకవంటి నల్లని గీత కాలిపోవును. కాలిన బొగ్గు తానే వాహకము. తరువాతి ముసురునాడు మెరుపు ఆ గీతను వెదకుకొనుచు వచ్చును, గీత పొడవగును. కొన్నాళ్లకు ఎండకాలమునను బండి మిస్ కొట్టసాగును. మూతను విప్పి వెలుతురులో త్రిప్పి చూచినచో, పెన్సిలుతో గీచినట్లుండు ఆ గీత లోపలగాని వెలుపలగాని కనబడును; తుడిచిన పోదు. అప్పుడు మూతను మార్చవలసినదే.

ఈ విషయమున మన ఊరికి ఒక ప్రత్యేకత యున్నదని నా అభిప్రాయము. బ్రిటనులో 1959లో వెలువడిన మినీ కారునకు డిస్ట్రిబ్యూటరు సరిగా ముందరి జాలీ వెనుకనే యుండెడిది. వాన పడినప్పుడు నీళ్లు దానిమీదనే చిమ్మెడివి. ఆ కారు తడికి మూగబోవుట లోకప్రసిద్ధము. అది నిర్మాణదోషము. మన కార్ల వ్యాధి వేరువిధము. ఏప్రిలు, మే నెలలలో నలువది డిగ్రీల యెండలో నిలిచిన బండి బానెట్టు క్రింద రబ్బరుతీగలు ఎండి బీటలువారును. బేకలైటులో కంటికి ఆనని చీలికలు పుట్టును. పొడిగా నున్నన్నాళ్లు ఆ చీలికలు ఎవ్వరికిని హాని చేయవు. తొలివానతో వాటిలోనికి తడి చేరును. అనగా వానాకాలమున, చలికాలమున బయటపడు జబ్బు వేసవిలోనే పట్టియున్నదన్నమాట. 1932లో నిజాము రాష్ట్ర రైల్వే తన రోడ్డురవాణాశాఖను 27 బస్సులతో ప్రారంభించినప్పుడు స్కాట్లండునుండి వచ్చిన ఆల్బియన్ బస్సులు ఇచటికి దిగినవి. గ్లాస్గో నగరపు తుంపరలో పుట్టిన ఇంజనులకు మన ముసురు క్రొత్త కాదు. మన వేసవియే క్రొత్త. కావున తీగలను, మూతను పరీక్షింపవలసిన నెల జూను. డిసెంబరు కాదు.

రెండవ దోమ కార్బ్యురేటరులో దాగియుండును. ఇదియు లెక్కతోనే తేలును. ఒక గ్రాము పెట్రోలు ఆవిరి యగుటకు సుమారు 80 కేలరీల వేడి కావలెను. ఆ ఒక్క గ్రామునకు తోడుగా ఇంజను పీల్చునది 15 గ్రాముల గాలి. గాలి యొక్క విశిష్టోష్ణము 0.24, పదునైదు గ్రాములను ఒక డిగ్రీ చల్లార్చిన లభించునది 3.6 కేలరీలు. ఎనుబదిని 3.6 చేత భాగించిన 22 వచ్చును. అనగా వెలుపల 15 డిగ్రీలున్న గాలి, పెట్రోలంతయు అచటనే ఆవిరియైనచో, సున్నకు దిగువ ఏడు డిగ్రీలకు పోవలెను! అంతయు అచటనే ఆవిరి కాదు గనుక తగ్గుదల కొంత తక్కువ. అయినను సున్నను తాకుటకు అది చాలును. బయట ఎచటను మంచుగడ్డ లేకున్నను కార్బ్యురేటరు కంఠములో, గాలిద్వారపు రేకుమీద నీటియావిరి గడ్డకట్టును. దారి ఇరుకగును. ఇంజను క్రమముగా బలము కోల్పోవును.

ఆశ్చర్యకరమైన సంగతి యేమనగా, అతిశీతలదేశములలో ఈ జబ్బు తక్కువ. అచటి గాలిలో గడ్డకట్టుటకు ఆవిరియే మిగిలియుండదు. ఉష్ణమాపకము పదికి అటునిటుగా నుండి గాలి తడిసి ముద్దగా నున్నచోటనే ఇది ప్రబలును. సికింద్రాబాదు పుష్యమాసపు ముసురు దీనికి పుట్టినిల్లువంటిది.

కార్ల యజమానులకంటె ఈ సంగతి విమానము నడుపువారికి బాగుగా తెలియును. బేగంపేటనుండి ప్రయాణికుల విమానములు 2008 మార్చిలో శంషాబాదునకు తరలినవి గాని, అంతకు ఎన్నో దశాబ్దములముందునుండియు ఆ మైదానమున యువకులు విమానము నడుపుట నేర్చిరి. 1958లో తొలిసారి ఎగిరి, పిమ్మట దేశములోని ఫ్లయింగుక్లబ్బులకు చేరిన పుష్పక్ వంటి చిన్నవిమానములకు మోటారుకారు జాతి ఇంజనే యుండెడిది. అట్టి విమానములలో కార్బ్యురేటరునకు వేడిగాలి నిచ్చు మీట యొకటి యుండును. గాలిద్వారము దాదాపు మూసి క్రిందికి దిగునప్పుడు ఆ మీటను లాగవలెనని శిష్యునకు తొలిదినములలోనే నేర్పుదురు. తడిగాలిలో వెలుపల 25 డిగ్రీల వెచ్చదన మున్నను లోపల మంచు పేరుకొనవచ్చును. కారు తడబడినచో ప్రక్కకు తీసి నిలుపవచ్చును. విమానమునకు ఆ ప్రక్క లేదు.

కారులో ఈ మంచు అంత తరచుగా కనబడకపోవుటకు కారణము, పొగగొట్టపు వేడిమి కార్బ్యురేటరు పాదమును వెచ్చబెట్టుట. అనేక యూరోపు కార్లలో గాలిజల్లెడ మూతిని చలికాలమున పొగగొట్టమువైపు త్రిప్పుకొను ఏర్పాటు కూడ నుండెడిది. మన దేశమున ఎవరును దానిని త్రిప్పిన పాపమున పోలేదు. అంతేకాదు, వేసవిలో ఇంజను కాగిపోవునను భయముతో థర్మోస్టాటును ఊడదీసి పారవేయు ఆచారము మన వర్కుషాపులలో చిరకాలముగా నున్నది. థర్మోస్టాటు లేని ఇంజను చలికాలమున ఎంతసేపటికిని వేడెక్కదు. ఒక జబ్బునకు చేసిన మందు మరియొక జబ్బునకు తల్లి యైనది.

ఇంధనమే మారినది. 2023లో ప్రవేశపెట్టిన 20 శాతము ఇథనాల్ కలిపిన పెట్రోలు 2025 నాటికి దేశమంతట వ్యాపించినది. గ్రాము ఇథనాల్ ఆవిరి యగుటకు 220 కేలరీలు కావలెను. పెట్రోలునకు కావలసినదానికి రెండున్నర రెట్లకు పైమాట. కావున ఈ మిశ్రమము పాత కార్బ్యురేటరును మునుపటికంటె ఎక్కువగా చల్లబరచును. పైగా ఇథనాల్‌లో ఆక్సిజను కలిసియే యున్నందున, శుద్ధమైన పెట్రోలునకు అమర్చిన జెట్టు ఇప్పుడు కొంచెము పలుచని మిశ్రమమునే ఇచ్చును. చల్లని ఇంజను పలుచని మిశ్రమమును సహింపదు. ఇథనాల్‌కు నీటిని పీల్చుకొను స్వభావము కూడ కలదు. సగము ఖాళీ టాంకుతో నెలలతరబడి కదలక నిలిచిన కారులో నీరు మితిమీరినచో, ఆ నీరు, ఇథనాల్ కలిసి అడుగున వేరుపడును. అప్పటి తడబాటునకు ముసురుతో పనిలేదు.

ఇక మూడవది చోకు, ఎక్సిలరేటరు పంపు. దీనిని గూర్చి క్లుప్తముగా చెప్పిన చాలును. ద్వారము చటుక్కున తెరచుకొన్నప్పుడు తేలికైన గాలి ముందు పరుగెత్తును, బరువైన పెట్రోలు వెనుకబడును. ఆ లోటు పూరించుటకు కార్బ్యురేటరులోని చిన్నపంపు ఒక చుక్క పెట్రోలును అదనముగా చిమ్మును. దాని పొర ఎండిపోయినచో, వేడి ఇంజను ఎట్లో నెట్టుకొనివచ్చును గాని చల్లని ఇంజను కుంటును. ఇంజను నాపి, గాలిజల్లెడ తీసి, ద్వారమును చేతితో త్రిప్పుచు కంఠములోనికి చూచినచో ఆ ధార పడుచున్నదో లేదో కంటికే తెలియును.

ఇప్పుడు మాస్టారి ఫియట్‌కు వత్తము. వర్కుషాపున సంభాషణ సాధారణముగా ఇట్లుండును.

"కాయిల్ మార్చి చూద్దాం సార్."

"మారిస్తే పోతుందంటావా?"

"చూద్దాం సార్. పోకపోతే కార్బొరేటర్ చూద్దాం."

రాణీగంజులో దొరకని విడిభాగము లేదు. జేబులో పైకమున్నంతకాలము ఈ ఆట నడచును. కాయిల్ మార్చిన మరునాడు ఎండ కాయును, బండి బాగుగా నడచును, మేస్త్రీ గెలిచినట్లే. వారము తరువాత తుంపర పడును. భాగములు మార్చుకొనుచు పోవుట వైద్యము కాదు, జూదము. అందులో పోవునది జీతపురాళ్లపై బ్రతుకువాని డబ్బు.

మాస్టారు చేయదగిన పని వేరొకటి యున్నది. ప్రయోగశాలలో తన శిష్యులకు నిత్యము చెప్పునదే: ఒకసారికి ఒక్కదానినే మార్చుము. చలి, తడి అను రెండు కారణములు కలిసియున్నప్పుడు వాటిని విడదీయుటకు ప్రయోగశాల యక్కరలేదు. సికింద్రాబాదు పంచాంగమే ఆ పని చేయును. శ్రావణమాసపు వాన వెచ్చనిది: తడి యున్నది, చలి లేదు. పుష్యమాసమున ఆకాశము నిర్మలముగానుండి ఉత్తరపుగాలి వీచు ఉదయము పొడిగా నుండును: చలి యున్నది, తడి తక్కువ. వాయుగుండపు ముసురులో రెండును ఉన్నవి. శ్రావణమున కూడ తడబడిన బండికి జబ్బు నిప్పురవ్వలో నున్నది. పొడిచలిలోను తడబడునది చోకునో, పంపునో, పలుచని మిశ్రమమునో అనుమానింపదగినది. రెండును కలిసినప్పుడు మాత్రమే తడబడి, అదియు బయలుదేరగనే కాక, బొలారము రోడ్డున పదినిమిషములు సమవేగమున పోయిన తరువాత నీరసించి, అయిదు నిమిషములు నిలిపినంతనే కోలుకొన్నచో, అది కార్బ్యురేటరులోని మంచు. నిలిపిన వెంటనే బానెట్టు ఎత్తి చూడవలెను. ఆలస్య మైనచో ఇంజను వేడికి సాక్ష్యము కరగిపోవును.

ఇందుకు ఒక పుస్తకము పెట్టవలెను. తేదీ, గంట, ఉష్ణోగ్రత, తుంపరయా పొడియా, బయలుదేరిన ఎన్ని నిమిషములకు, పెట్రోలు పోయించి ఎన్నాళ్లయినది, ఎత్తు ఎక్కుచుండగనా చదునునా. పది పన్నెండు వరుసలు వ్రాసినప్పటికి సగము జవాబు దొరకును. మేస్త్రీ చేతికి ఆ పుస్తక మిచ్చినచో అతడును మరియొక విధముగా మాటలాడును. నేర్పు గల మేస్త్రీలు మనకు తక్కువ కాదు. వారికి రోగి చరిత్ర చెప్పువారే తక్కువ.

అనుమానము నిప్పురవ్వమీదికి పోయినచో పరీక్ష సులభము. చీకటిపడిన తరువాత బండిని ఆరుబయట నిలిపి, ఇంజను నడుచుచుండగా బానెట్టు ఎత్తి, దీపములు లేకుండ చూడవలెను. తడినాడైనచో తీగలవెంట, మూతమీద నీలిరంగు మెరుపులు సన్నగా ప్రాకుచు కనబడును. చిటచిట చప్పుడు వినబడును. పొడినాడైనచో ఇస్త్రీదుకాణమున బట్టలపై నీళ్లు చల్లు సీసావంటిదొకటి తీసికొని, మొదట కాయిల్‌మీద, పిమ్మట మూతమీద, తరువాత ఒక్కొక్క తీగమీద సన్నని తుంపర కొట్టుచు, ప్రతిసారియు ఆగి చెవియొగ్గి వినవలెను. ఏ చోట తుంపర తగిలినంతనే ఇంజను దగ్గెనో అచటనే దోమ యున్నది. కాని ఇది పిల్లలు ఒంటరిగా చేయదగినది కాదు. తీగలను తాకరాదు, ఫ్యానునకు చేతులు, కండువాలు, పైటకొంగులు దూరముగా నుండవలెను, మూసిన షెడ్డులో ఇంజను నడపుట ప్రాణాంతకము, పొగలోని కార్బన్ మోనాక్సైడునకు వాసన లేదు.

చికిత్స తరచుగా పరీక్షకంటె చౌక. పొడిగుడ్డతో మూతను లోపల వెలుపల తుడుచుట. ప్లగ్గుల ఖాళీని కొలిచి సరిచేయుట. బీటలువారిన తీగలను మార్చుట. తుడిచిన మాత్రముననే జబ్బు పోయినచో కాయిల్ కొనవలసిన పనిలేదు.

క్రొత్తకార్ల యజమానులు ఇదంతయు మనకు సంబంధింపదని అనుకొనరాదు. డిస్ట్రిబ్యూటరు పోయినది; ప్రతి ప్లగ్గునెత్తిన ఒక కాయిల్ కూర్చున్నది. అయినను ప్లగ్గు దిగిన గుంటలోనికి నీరు చేరినచో కాయిల్ రబ్బరుతొడుగు వెంట మెరుపు మునుపటివలెనే తప్పుదారి పట్టును. ఇంజనును నీటిధారతో కడిగించిన మరునాడు వచ్చు తడబాటు ఎక్కువగా ఇదియే. చోకునకు బదులు ఒక సెన్సరు నీటివేడిమిని కంప్యూటరునకు చెప్పును. అది చెడి, చల్లని ఇంజనును వేడియని చెప్పినచో, కంప్యూటరు పెట్రోలు తగ్గించును, బండి తడబడును. జ్వరము చూడవలసిన ఉష్ణమాపకమే అబద్ధ మాడుచున్నదన్నమాట. ఉదయమున ఇంజను ముట్టకముందే స్కానరు పెట్టి, అది చూపు వేడిమిని బయటి గాలి వేడిమితో పోల్చినచో ఆ అబద్ధము బయటపడును. రాత్రియంతయు నిలిచిన బండిలో రెండును ఇంచుమించు సమానముగా నుండవలెను.

ఒక్క విషయమున మాత్రము క్రొత్తకారు పాత వైద్యుని చిక్కును తీర్చినది. మిస్ కొట్టిన సిలిండరు ఏదో అది గుర్తించి సంకేతముగా దాచుకొనును. పి 0301 అనిన మొదటి సిలిండరు, పి 0304 అనిన నాలుగవది. ఆ క్షణమున ఇంజను ఎంత వేడిగా నున్నది, ఎంత వేగమున తిరుగుచున్నది, ఎంత భారము మోయుచున్నది అనునవి కూడ వ్రాసి యుంచును. ఎండకాసిన తరువాత వర్కుషాపునకు పోయినను మేస్త్రీ ఆ జ్వరపు చీటీని చదువగలడు. గాలిలోని తడిని మాత్రము చాల కార్లలో అది వ్రాసికొనదు. ఆనాడు ముసురు పట్టియున్నదో లేదో యజమానియే చెప్పవలెను.